పాలు, వెన్న లేని కర్రీ పఫ్: ఎంతసేపటికి తింటారో చెప్పండి, ఏది చేయాలో చెబుతాను

మా చిన్నదానికి పాలు పడవు. పాలొక్కటే కాదు, నెయ్యి, వెన్న, పెరుగు, పనీరు ఏవీ పడవు. అలర్జీ అని డాక్టరు గారు తేల్చి చెప్పినప్పుడు దానికి నాలుగేళ్ళు. అన్నం, కూరల సంగతి పెద్ద కష్టం కాలేదు. మా వైపు వంట సగానికి సగం చెనక్కాయల (వేరుశనగ) నూనెతోనే నడుస్తుంది. కష్టమంతా సాయంత్రం పూటే. తిరుపతిలో ఏ బజారులో నడిచినా నాలుగు గంటలకల్లా బేకరీల్లోంచి వేడి పఫ్‌ల వాసన వస్తుంది. బడి నుంచి వచ్చేటప్పుడు పిల్ల ఆ అద్దాల బీరువా దగ్గర నిలబడిపోయేది.

ఒక బేకరీలో అడిగాను. "పాలేమీ వేయమమ్మా, అంతా డాల్డానే" అన్నారు. కొనిచ్చాను. ఇంటికొచ్చిన అరగంటకు పిల్ల ఒళ్ళంతా దద్దుర్లు. తర్వాత తెలిసింది, పిండిలో పాలు లేవు గానీ పైన మెరుపు కోసం పాలు పూస్తారట. ఆ పూత వాళ్ళ లెక్కలోకి రాలేదు. ఆ రోజు నుంచి పఫ్ మా ఇంట్లోనే తయారవుతోంది. మూడేళ్ళు దాటింది. మైదా, గోధుమ, రాగి. డాల్డా, కొబ్బరి నూనె, చెనక్కాయల నూనె. వేయించడం, కాల్చడం అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను. అలర్జీ లేకపోయినా పాలు, గుడ్లు మానేసినవాళ్ళకూ, ఆవుపాలు అరగనివాళ్ళకూ ఇదంతా పనికొస్తుంది.

చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి అడిగే మొదటి మాట, "మైదా మంచిదా గోధుమ మంచిదా అక్కా?" అని. రెండో మాట, "నూనెలో వేయించాలా, ఓవెన్‌లో పెట్టాలా?" అని. వాటికి జవాబు చెప్పే ముందు నేను ఒకటి అడుగుతాను. పొయ్యి దిగిన ఎంతసేపటికి తింటారు?

అరగంటలో తినేస్తారంటే దాదాపు ఏ పిండైనా, ఏ కూరైనా బాగుంటుంది. పొద్దున ఏడున్నరకు డబ్బాలో పెట్టి మధ్యాహ్నం పన్నెండున్నరకు తినే పఫ్ సంగతి వేరు. ఐదు గంటల పాటు మూతపెట్టిన డబ్బాలో, మన ఎండలో ఉంటుంది. కూరలోని తడి పిండిలోకి దిగుతుంది. గోధుమ పిండి తోలులా సాగుతుంది. పచ్చి కొబ్బరి వేసి ఉంటే వాసన మారుతుంది. ఇక రాత్రి రైలెక్కి మర్నాడు తినేదీ, ఊరెళ్ళేటప్పుడు సంచిలో వేసుకుని మూడు రోజులు నంజుకునేదీ పూర్తిగా ఇంకో రకం. మంచి వంటకం చేసి కూడా "మెత్తబడిపోయింది, పారేశాను" అని బాధపడేవాళ్ళంతా ఈ సమయం చూసుకోకుండా చేసినవాళ్ళే. నేను మొదటి ఏడాదంతా అలాగే పారేశాను.

వెన్న లేకుండా పొరలు ఎలా వస్తాయి?

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది కొవ్వు గురించే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

బేకరీ పఫ్‌లో పిండి ఒక పొర, కొవ్వు ఒక పొరగా ఉంటాయి. మధ్యలో కొవ్వు పెట్టిన పిండిని మూడు మడతలు వేసి, ఒత్తి, మళ్ళీ మడుస్తారు. అలా నాలుగు సార్లు చేస్తే కొవ్వు 81 పొరలవుతుంది. ఓవెన్ వేడికి పిండిలోని నీళ్ళు ఆవిరవుతాయి. కొవ్వు అడ్డుగా ఉండడం వల్ల ఆ ఆవిరి ఒక్కో పొరను విడిగా పైకి లేపుతుంది. ఇది జరగాలంటే ఒత్తేటప్పుడు కొవ్వు గట్టిగా ఉండాలి. కరిగితే పిండిలో కలిసిపోయి పొరలే మిగలవు. కాబట్టి అసలు చిక్కు వెన్న లేకపోవడం కాదు, మన ఊరి వేడి. గంగజాతర వచ్చే మే నెలలో మా వంటింట్లో వెన్న ఉన్నా నిలిచేది కాదు.

పాలు లేని గట్టి కొవ్వుల్లో ముందు గుర్తొచ్చేది వనస్పతి, మనం డాల్డా అనేది. బేకరీలకు ప్రత్యేకంగా పఫ్ మార్జరిన్ వస్తుంది. అది ఇంకా ఎక్కువ వేడికి గానీ కరగదు, అందుకే వాళ్ళ పొరలు అంత నిటారుగా లేస్తాయి. అయితే ఒంటి వేడికి పూర్తిగా కరగని కొవ్వు నోట్లో కూడా కరగదు. తిన్నాక అంగిలికి మైనం అంటుకున్నట్టు ఉండేది అందువల్లే. ట్రాన్స్ ఫ్యాట్ (నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే, గుండెకు చెడుచేసే కొవ్వు) గురించి చాలామంది భయపడతారు. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో దాని పరిమితిని 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి తగ్గించారు. పాత రోజులంత భయం అక్కర్లేదు గానీ, సంతృప్త కొవ్వు అందులో ఎక్కువే. మార్జరిన్‌తో ఇంకో జాగ్రత్త ఉంది. కొన్ని రకాల్లో రుచి కోసం పాల పొడి కలుపుతారు. డాల్డాతో పొరలు వేయాలంటే ప్రతి మడత తర్వాత అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి, అంటే సగం రోజు. డిసెంబరు, జనవరిలో తప్ప నేను దాని జోలికి పోను.

కొబ్బరి నూనె ఆశ పెడుతుంది. దాదాపు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, ఆ పైన కరుగుతుంది. పుష్యమాసంలో తెల్లవారుజామున సీసాలో తెల్లగా పేరుకుని ఉంటుంది, అప్పుడు బాగా పనిచేస్తుంది. మిగతా కాలంలో ఫ్రిజ్‌లోంచి తీసిన ఐదు నిమిషాలకే చేతిలో నీరవుతుంది. ఫ్రిజ్‌లో ఉంచితే మాత్రం రాయిలా గట్టిపడి ఒత్తేటప్పుడు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పిండిని చించుతుంది. దాన్ని పొరలకు వాడకండి. తురిమి పిండిలో కలిపితే మంచి గుల్లదనం ఇస్తుంది. కరివేపాకు, అల్లం ఉన్న కూరైతే దాని వాసన అడ్డుగా అనిపించదు.

మూడోది మామూలు నూనె. పాలు లేని పఫ్ కోసం రోజూ చేసుకోగలిగిన దారి ఇదే. 250 గ్రాముల మైదాకు నాలుగు పెద్ద చెంచాల చెనక్కాయల నూనె, ముక్కాలు చెంచా ఉప్పు. నూనె కాస్త వేడి చేసి పోసి, పిండి మొత్తానికి పట్టేలా వేళ్ళతో నలపాలి. పిడికిట పట్టి వదిలితే ఉండలా నిలవాలి, వేలితో తాకితే విరగాలి. ఆ తర్వాత చల్లటి నీళ్ళు కొద్దికొద్దిగా, 90 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా. గట్టి ముద్ద చేసి తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయాలి. దీనికి పొరలు రావు, బిస్కెట్‌లా గుల్లగా వస్తుంది. కానీ ఐదు గంటల తర్వాత డబ్బాలోంచి తీసినా అంచు కరకరమంటుంది. అది పొరల పఫ్‌కి లేని గుణం. చెనక్కాయలు కూడా పడని పిల్లలుంటే పొద్దుతిరుగుడు నూనె వాడండి, కొలతలు మారవు.

నాలుగోది నాకు ఆలస్యంగా తట్టింది, ఇప్పుడు అన్నిటికంటే ఇష్టమైంది. మడత కాజా చేసేటప్పుడు పల్చటి చపాతీల మీద బియ్యప్పిండి, నెయ్యి కలిపిన ముద్ద పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చాపలా చుట్టి కోస్తాం కదా. ఆ నెయ్యి బదులు నూనె వేస్తే చాలు. ఈ పద్ధతిలో కొవ్వు గట్టిగా ఉండాల్సిన పనే లేదు. నూనె జారిపోకుండా బియ్యప్పిండి పట్టుకుంటుంది, పొరలు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుపడుతుంది. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు చేసినా పొరలు వస్తాయి. మలేసియా, సింగపూరుల్లో కర్రీ పఫ్‌ని కరిపాప్ అంటారు. పైన సుడులు కనిపించే రకం ఒకటుంది, దాన్నీ నీళ్ళ పిండి, నూనె పిండి విడివిడిగా కలిపి, ఒకదాంట్లో ఇంకొకటి పెట్టి చుట్టి కోసి చేస్తారు. చూస్తే మన మడత కాజాకు తోబుట్టువులాగే ఉంటుంది.

కొలత ఇలా. 250 గ్రాముల మైదాను రెండు చెంచాల నూనె, ఉప్పు, నీళ్ళతో చపాతీ పిండిలా కలపాలి. ఆరు ఉండలు చేసి వీలైనంత పల్చగా ఒత్తాలి. నాలుగు పెద్ద చెంచాల బియ్యప్పిండిలో మూడు చెంచాల నూనె వేసి దోసె పిండి కంటే చిక్కగా గిలక్కొట్టి ఒక్కో చపాతీ మీద పూయాలి. పేర్చి, గట్టిగా చుట్టి, 12 ముక్కలు కోయాలి. ముక్కను కోసిన వైపు పైకి పెట్టి అరచేత్తో నొక్కి, మధ్య నుంచి అంచుకు తేలికగా ఒత్తాలి. గట్టిగా ఒత్తితే అంత కష్టపడి వేసిన పొరలన్నీ ఒకటైపోతాయి. కూర పెట్టి సగానికి మడిస్తే సుడి పైకి వస్తుంది. గంటన్నర పని, ఆదివారం పూట పెట్టుకోండి. వేడిగా తింటే దీని ముందు ఇంకేదీ నిలవదు. డబ్బాలో మాత్రం మూడు గంటలకు పొరలు మెత్తబడతాయి. అందుకే బడికి ఇది పెట్టను.

పిండి

ఇక్కడ అంత తర్జనభర్జన అక్కర్లేదు. మైదా సాగుతుంది, పల్చగా ఒత్తితే చిరగదు, గుల్లగా వస్తుంది. గోధుమ పిండిలో తవుడు ఉంటుంది, అది పిండిలోని సాగుడును మధ్యమధ్యలో కోసేస్తుంది. నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది, చల్లారాక గట్టిపడుతుంది. పూర్తిగా గోధుమ పిండితో చేస్తే వేడివేడిగా తినాలి. బడి డబ్బాకు నేను సగం సగం వేస్తాను. ఒక చెంచా నూనె ఎక్కువ, పావుగంట నానడం ఎక్కువ. మైదా పూర్తిగా మానాలన్న పట్టుదల ఉన్నవాళ్ళు కూడా మొదటిసారి సగం సగంతో మొదలుపెట్టండి. అంచు చీలిపోయి కూర బయటికొస్తే మళ్ళీ చేయాలన్న ఉత్సాహమే పోతుంది.

రాగి పిండి మీద నాకు ప్రత్యేకమైన మమకారం ఉంది. సంగటి తిని పెరిగినదాన్ని. పైగా పాలు తాగని పిల్లకు కాల్షియం ఎక్కడి నుంచి వస్తుందని ఏ తల్లికైనా టెన్షనే. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కానీ రాగిలో సాగే గుణం లేదు. చల్లనీళ్ళతో కలిపితే మడిచిన చోటల్లా విరుగుతుంది. మరిగే నీళ్ళు పోసి గరిటెతో కలిపి, మూతపెట్టి, చేయి పట్టే వేడికి వచ్చాక మర్దించాలి. ఆ వేడికి పిండి కొంచెం ఉడికి జిగురొస్తుంది. అప్పుడు కూడా ఒక వంతు రాగికి మూడు వంతుల గోధుమ పిండి ఉండాలి. ఇది నూనెలో వేస్తే విచ్చుకుంటుంది. మందంగా ఒత్తి, సన్న మంట మీద పెనంలో రెండు వైపులా మూతపెట్టి కాల్చండి. పక్కన కాస్త ఊరిబిండి (చెనక్కాయల పచ్చడి) ఉంటే అదే రాత్రి భోజనం. మర్నాటికి మాత్రం ఉంచకండి.

సూపర్ మార్కెట్లలో చుట్టి పెట్టిన రెడీమేడ్ పఫ్ షీట్లు దొరుకుతాయి. వాటిలో వెన్న ఉందో లేదో ముందు చదవాలి. పనికి మాత్రం బాగా తేలిక.

లోపలి కూర

ఉర్లగడ్డ (బంగాళాదుంప), బఠాణీ కూర అందరికీ తెలిసిందే. బేకరీ రుచి కావాలంటే అదే. మూడు మామూలు గడ్డలు 12 పఫ్‌లకు సరిపోతాయి. ఉడికించాక వేడి మీద మెదపకండి, జిగురవుతుంది. ఆరనిచ్చి చేత్తో పెద్ద ముక్కలుగా చిదమండి. ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) బాగా వేగి తడి ఆరాలి. ధనియాల పొడి, కొంచెం పట్టా (దాల్చినచెక్క), లవంగం, కరివేపాకు. కూరను చెంచాతో తీసి బోర్లిస్తే జారకూడదు, దబ్బున ఒకే ముద్దగా పడాలి. జారిందంటే పఫ్ అడుగు పచ్చిగానే ఉంటుంది.

తడి దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మదనపల్లె మార్కెట్ దగ్గరున్నందువల్ల మన ఇళ్ళల్లో అన్నిట్లోనూ టమాటా పడుతుంది. పఫ్‌లో పచ్చి టమాటా వద్దు. పులుపు కావాలంటే చింతపండు తొక్కు కొద్దిగా, లేకుంటే చివర్లో నిమ్మరసం నాలుగు చుక్కలు. కూర తడిగా వచ్చేసిందా, పుట్నాల పప్పు పొడి రెండు చెంచాలు కలపండి. ఐదు నిమిషాల్లో తడంతా పీల్చేస్తుంది, రుచి పాడవదు సరికదా పెరుగుతుంది. బ్రెడ్ పొడి వేయమని కొందరు చెబుతారు. బ్రెడ్‌లో పాలు ఉండే అవకాశముంది కాబట్టి మాకు పుట్నాలే నమ్మకం.

పనీరు పఫ్ బదులు ఏమిటని అడుగుతారు. టోఫు (సోయా పాలతో చేసే పనీరు లాంటిది) దొరికితే గుడ్డలో కట్టి బరువు పెట్టి నీళ్ళు పిండేసి, చిదిమి, పసుపు, మిరియాలతో వేయించండి. చికెన్ పఫ్ అలవాటున్న ఇంట్లో మీల్‌మేకర్ మేలు. ఎండు మీల్‌మేకర్‌లో దాదాపు సగం బరువు మాంసకృత్తులే. ఉప్పు వేసిన వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, మూడుసార్లు చన్నీళ్ళలో కడిగి పిండితే ఆ పచ్చి వాసన పోతుంది. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, అల్లం, తెల్లగడ్డ ముద్దతో బాగా వేయించాలి. మా ఆయన తేడా కనిపెట్టలేదు. పనసకాయ కూడా పీచు పీచుగా బాగుంటుంది, పచ్చికాయ దొరికే రోజుల్లో. పుట్టగొడుగులు ఎంత వేయించినా నీళ్ళు వదులుతూనే ఉంటాయి. వాటిని నేను ఎంచుకోను.

నా మనసుకు నచ్చిన కూర మాత్రం పితికిపప్పు. చిత్తూరు వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. చలికాలంలో అనపకాయలు రాగానే గింజలు ఒలిచి, రాత్రంతా నీళ్ళలో నానేసి, పొద్దున ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కో గింజనూ వేళ్ళ మధ్య పితికితే తోలు ఊడి లేత పప్పు జారి పడుతుంది. మసాలా పులుసు చేసి దోసెలకు, సంగటికి తింటాం. పఫ్ కోసం పులుసు పెట్టకూడదు. పప్పును పలుకు మిగిలేలా ఉడికించి నీళ్ళు వంపేయాలి. ధనియాలు, ఎండుమిరపకాయలు, పట్టా, లవంగం, చెంచాడు గసగసాలు వేయించి పొడి కొట్టి, ఎర్రగడ్డల తాలింపులో పప్పుతో పాటు కలపాలి. పావు వంతు పప్పును గరిటెతో మెదిపితే మిగతాది విడిపోకుండా అంటిపెట్టుకుంటుంది. ఎండు కొబ్బరి పొడి వేయొచ్చు, పచ్చి కొబ్బరి వద్దు. ఆ వెన్నలాంటి మెత్తదనానికి పాలు, వెన్న లేవన్న సంగతే మరిచిపోతాం. ఏటా సంక్రాంతి ముందు రెండు కిలోల పప్పు పితికి ఫ్రీజర్‌లో దాచుకుంటాను. ఒక పఫ్‌కి పెద్ద చెంచాడున్నర చాలు.

పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాల్లోనూ, కొండకు వెళ్ళేటప్పుడూ ఎర్రగడ్డ, తెల్లగడ్డ తినని ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. అప్పుడు పెసరపప్పు నానబెట్టి, ఆరబెట్టి, ఇంగువ, జీలకర్ర, అల్లంతో పొడిపొడిగా వేయించి పెట్టండి. ఇందులో తడి చాలా తక్కువ కాబట్టి డబ్బాకు కూడా ఇది ఉర్లగడ్డ కంటే మెరుగు.

రెండు మూడు రోజుల ప్రయాణానికైతే కూర అనే ఆలోచనే మానండి. మనం పండక్కి చేసే కజ్జికాయనే కారంగా చేయండి. పుట్నాలు, వేయించిన చెనక్కాయలు, ఎండు కొబ్బరి, తెల్లగడ్డ, ఎండుమిరపకాయలు, ఉప్పు కలిపి బరకగా కొట్టిన పొడి లోపల, గుల్ల పిండి పైన. తెల్లగడ్డను కూడా నూనెలో కరకరలాడేదాకా వేయించి వేయాలి. తమిళం మాట్లాడే ఇళ్ళల్లో సోమాసి అనే తీపి వంటకం ఆకారమే ఇది. తడి లేదు కాబట్టి గాలి చొరని డబ్బాలో వారం ఉంటుంది. కొండకు నడిచి వెళ్ళినప్పుడు అలిపిరి దారిలో మా సంచిలో ఉండేవి ఇవే.

వేయించడమా, కాల్చడమా?

మడత కాజా పద్ధతిలో చేసిన పొరల పఫ్, కారం కజ్జికాయ నూనెలోనే బాగుంటాయి. నూనెలో ఈ పొరలు విచ్చుకున్నట్టు ఓవెన్‌లో విచ్చుకోవు. ఇది నిజం, ఓవెన్ ఉన్నంత మాత్రాన దాచి లాభం లేదు. అయితే మంట సన్నగా ఉండాలి. చిన్న పిండి ముక్క వేస్తే వెంటనే పైకి ఎగరకూడదు, అడుగున ఆగి మెల్లగా బుడగలతో తేలాలి. ఒక వాయికి ఎనిమిది, పది నిమిషాలు. మంట పెద్దదైతే పైన బుడిపెలు లేచి రంగొస్తుంది, లోపల పచ్చి, అరగంటకు మెత్తబడుతుంది.

నూనె కలిపిన గుల్ల పిండికి ఓవెన్ చక్కగా కుదురుతుంది. 190 డిగ్రీలకు పది నిమిషాలు ముందే వేడిచేసి, 25 నుంచి 30 నిమిషాలు. ఒకేసారి 12 పఫ్‌లు, నేను పక్కన నిలబడే పని లేదు, కాబట్టి బడి రోజుల్లో ఇదే. ఎయిర్ ఫ్రయ్యర్‌లో 180 డిగ్రీల మీద పావుగంట లోపే అయిపోతుంది, కాకపోతే మా దాంట్లో నాలుగే పడతాయి. కరెంటు లెక్క కూడా చూశాను. 1,500 వాట్ల ఓవెన్ 40 నిమిషాలు నడిస్తే ఒక యూనిట్. 1,400 వాట్ల ఎయిర్ ఫ్రయ్యర్‌లో మూడు వాయిలు వేసినా దాదాపు అంతే. ఇద్దరే ఉన్న ఇంట్లో ఎయిర్ ఫ్రయ్యర్, నలుగురున్న ఇంట్లో ఓవెన్.

రెండూ లేవా? మందపాటి అల్యూమినియం గిన్నెలో రాళ్ళ ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడిచేయండి. నూనె రాసిన పళ్ళెంలో పఫ్‌లు పెట్టి మధ్యస్తం మంట మీద 35, 40 నిమిషాలు. కుక్కర్ వాడితే గాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి. పైభాగం తెల్లగా ఉంటుంది, చివర్లో పెనం మీద బోర్లించి రెండు నిమిషాలు కాలిస్తే సరి. నా మొదటి ఆరు నెలలు ఇలాగే గడిచాయి.

ఏ పద్ధతైనా కూర పూర్తిగా చల్లారాకే లోపల పెట్టండి. అంచుకు తడి రాసి, లోపలి గాలి పోయేలా నొక్కి, ఫోర్క్‌తో ఒత్తండి, లేకుంటే జడలా అల్లండి. కాల్చే వాటికి పైన టూత్‌పిక్‌తో ఒక చిన్న రంధ్రం పెడితే ఆవిరి పోతుంది. వేయించే వాటికి రంధ్రం వద్దు, నూనె లోపలికి పోతుంది. కాల్చిన పఫ్‌లను జల్లి గిన్నె మీద ఆరబెట్టి, పూర్తిగా చల్లారాకే డబ్బా మూత పెట్టాలి.

మెరుపు, లేబుల్

గుడ్డు, పాలు పూయకుండా రంగు రావాలంటే చెంచాడు నీళ్ళలో పావు చెంచా బెల్లం కరిగించి, చెంచా నూనె కలిపి, చివరి ఎనిమిది నిమిషాలు ఉందనగా పూయండి. ముందే పూస్తే బెల్లం మాడుతుంది. మా చిత్తూరు వైపు బెల్లానికి పేరున్నదే కాబట్టి ఇది ఎవరింట్లోనైనా ఉంటుంది. పిండిలో చిటికెడు పసుపు వేయడం ఇంకా తేలిక. జమైకా దేశంలో ప్యాటీ అనే ఇలాంటి వంటకానికి పైపిండి పసుపు రంగులోనే ఉంటుంది, పసుపో కర్రీ పౌడరో కలుపుతారు.

కొనే వస్తువుల మీద పచ్చ చుక్క చూసి పాలు లేవనుకోకండి. పచ్చ చుక్క అంటే శాకాహారం అని మాత్రమే, పాలు, నెయ్యి ఉన్నా ఆ చుక్క ఉంటుంది. పాలు కూడా లేని వస్తువులకు 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆకుపచ్చ వీ అక్షరంతో వేరే గుర్తు ఉంది, కానీ అది అన్నిటి మీదా కనిపించదు. మార్జరిన్, పఫ్ షీట్లు, బ్రెడ్, మసాలా పొట్లాలు కొన్నప్పుడు వెనక చిన్న అక్షరాల్లో మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్ అన్న మాటలు వెతకండి, ఇవన్నీ పాల నుంచి వచ్చేవే. అలర్జీ ఉన్న పిల్లలుంటే ఇంట్లోనూ నెయ్యి రాసిన పెనం, పాల గరిటె పఫ్ పనికి వాడకండి. అన్నీ విడిగా పెట్టుకోండి.

ముందే చేసి ఉంచుకోవాలంటే కాల్చకముందు పళ్ళెంలో విడివిడిగా పేర్చి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, తర్వాత కవర్లో వేయండి. నెల దాకా బాగుంటాయి. బయట పెట్టి కరగనివ్వకుండా నేరుగా ఓవెన్‌లోకే, ఐదారు నిమిషాలు ఎక్కువ. కరెంటు పోయి మెత్తబడినవాటిని మళ్ళీ గడ్డకట్టించకండి, ఆ పూటే కాల్చేయండి. మిగిలినవి వేడిచేయడానికి మైక్రోవేవ్ వద్దు, సన్న మంట మీద పెనం చాలు.

మొదటిసారి చేసేవాళ్ళకు నా సలహా: మైదా, చెనక్కాయల నూనె కలిపిన గుల్ల పిండి, లోపల ఉర్లగడ్డ కూర, అల్లిక రాకపోతే కజ్జికాయల అచ్చు. ఒకే వాయి, ఆరు పఫ్‌లు చాలు. మూడు వేడిగా తినండి, మూడు డబ్బాలో పెట్టి ఐదు గంటల తర్వాత తీయండి. అంచు ఇంకా కరకరమంటే రెండోసారి సగం గోధుమ పిండికి మారండి. అడుగు మెత్తగా ఉంటే పిండి మార్చకండి, కూరలో పుట్నాల పొడి ఇంకో చెంచా పెంచండి.